రూటు మారింది, టైము మారింది: హైదరాబాద్ సిటీ బస్సు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో సిటీ బస్సు రూట్లు, టైములు ఏడాది పొడవునా మారుతూనే ఉంటాయి. ఫ్లైఓవర్ పనికి ఒకసారి, నిమజ్జనానికి ఒకసారి, డిపోలో కొత్త బస్సులు దిగితే మరోసారి. మార్పు జరిగాక స్టాపులో నిలబడ్డవాళ్లకు వచ్చే సందేహాలు మాత్రం దాదాపు అవే. ముందు బస్సుల సంగతి, తర్వాత మెట్రో, ఎంఎంటీఎస్ (లోకల్ రైళ్లు), చివర దరఖాస్తులు, మరచిపోయిన సామాను.

రోజూ ఎక్కే బస్సు నాలుగు రోజులుగా రావడం లేదు. రూటు ఎత్తేశారా?

పూర్తిగా ఎత్తేయడం అరుదు. ఎక్కువగా జరిగేవి వేరే మూడు. ఒకటి, బస్సు తిరుగుతూనే ఉంటుంది కానీ మీ స్టాపున్న రోడ్డు వదిలేసి పక్క రోడ్డులో పోతుంది. రెండు, చివరిదాకా రాకుండా మధ్యలోనే తిరిగిపోతుంది. మూడు, మీరు ఎక్కే ఆ ఒక్క ట్రిప్పు టైము మారింది లేదా తగ్గించారు, మిగతా ట్రిప్పులు మామూలే.

ఏది జరిగిందో తేల్చుకోవాలంటే అటుగా వచ్చిన వేరే రూటు కండక్టర్‌ను అడిగి లాభం లేదు. ఆయనకు తన డిపో సంగతే తెలుస్తుంది. రూటు మొదలయ్యే చోట, అంటే కోఠి, మెహిదీపట్నం, సికింద్రాబాద్ లాంటి పాయింట్లలో కంట్రోలర్ ఉంటారు. ఏ బస్సు ఎప్పుడు వచ్చిందీ ఎప్పుడు వదిలిందీ ఆయన దగ్గర రాసి ఉంటుంది. "ఈ రూటు ఏ డిపోది, ఉదయం ఎన్ని సర్వీసులు వదులుతున్నారు?" అని అడగండి. "బస్సు ఎందుకు రావట్లేదు?" అంటే "వస్తది, ఆగండి" అనే జవాబే దొరుకుతుంది. అంత దూరం పోలేకపోతే టీజీఎస్‌ఆర్టీసీ కాల్ సెంటర్ 040-69440000 లేదా 040-23450033కు ఫోన్ చేసి డిపో పేరు, ఆ డిపో నంబరు తీసుకోండి. డిపో వాళ్లే సూటిగా చెప్పగలరు.

నంబరు అదే, పక్కన అక్షరం కొత్తగా వచ్చింది. అదే బస్సేనా?

కాదనే అనుకోండి. 5కె, 49ఎం రెండూ సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నమే పోతాయి, కానీ వేర్వేరు దారుల్లో. అక్షరానికి ఊరంతటికీ ఒకే అర్థం లేదు. 127కె లో కె అంటే కొండాపూర్. అదే కె ఇంకో రూటులో కోఠి కావచ్చు, కూకట్‌పల్లి కావచ్చు. హెచ్, ఎల్, డి కూడా అంతే.

నంబరు తర్వాత గీత పెట్టి ఇంకో అంకె ఉంటే, ఆ బస్సు అసలు రూటులో సగం నుంచి పక్కకు తిరుగుతుందనో, చివర కొంత తేడా ఉందనో అర్థం. ముందు అద్దం మీది బోర్డులో చివరి ఊరు చూడండి, ఎక్కేముందు మీరు దిగే స్టాపు పేరు చెప్పి అడగండి. వెనక బోర్డును నమ్మొద్దు. హడావుడిలో డిపోలో ముందు బోర్డు మార్చి వెనకది వదిలేస్తారు.

టైం టేబుల్‌లో 8.10 అని ఉంది. మా స్టాపులో 8.35 దాకా రాదు. బస్సు లేటా?

అయి ఉండకపోవచ్చు. సిటీ సర్వీసుకు రాసిన టైము ఆ బస్సు మొదలయ్యే పాయింట్‌లో బయలుదేరే టైము. మధ్య స్టాపులకు విడిగా టైము ఇవ్వరు. మీ స్టాపు పన్నెండోదైతే 8.10కి 25 నిమిషాలు కలుపుకోవాలి. అదే బస్సు మధ్యాహ్నం 15 నిమిషాల్లోనే మీ దగ్గరికి వచ్చేస్తుంది.

కొత్త టైములు వచ్చిన వారంలో ఓ చిన్న పని చేస్తే తర్వాత నెలల తరబడి హాయి. వరసగా మూడు పని రోజులు మీ స్టాపులో బస్సు వచ్చిన టైము ఫోన్లో రాసుకోండి. మూడింటిలో అన్నిటికన్నా ముందు వచ్చిన టైముకు రెండు నిమిషాలు ముందే స్టాపులో ఉండండి. సోమవారాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆ రోజు రద్దీ వేరు.

అరగంట ఒక్కటీ రాదు, తర్వాత ఒకే నంబరువి మూడు వస్తాయి. ఇదేం లెక్క?

మొదటి బస్సుకు సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు ఆలస్యమైందనుకోండి. ఆ అయిదు నిమిషాల్లో ముందు స్టాపుల్లో జనం పెరుగుతారు. వాళ్లు ఎక్కడానికి, టికెట్లు కొట్టడానికి ఇంకా ఆలస్యం. వెనక వచ్చే బస్సుకు జనం మిగలరు కాబట్టి అది వేగంగా వచ్చి ముందుదాన్ని పట్టేస్తుంది. ఎవరూ కావాలని చేసేది కాదు. అమీర్‌పేట లాంటి ఇరుకు దాటాక ఇది మరీ ఎక్కువ.

మూడు కలిసి వస్తే మొదటిదానికి వేలాడకండి, వెనకదాంట్లో సీటు ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మధ్యలోనే తిప్పేసేది కూడా సాధారణంగా ఆ వెనకదాన్నే. ఎక్కేటప్పుడు "చివరిదాకా పోతుందా?" అని అడగండి.

మధ్యాహ్నం ఒంటిగంట అటూ ఇటూ బస్సులు పలచబడటానికి కారణం వేరు. అప్పుడు డ్రైవర్లు, కండక్టర్లు షిఫ్టు మారతారు.

రోడ్డు పని మొదలైంది. బస్సులు తగ్గించలేదంటున్నారు, మాకు మాత్రం తక్కువే వస్తున్నాయి. ఎవరి మాట నిజం?

ఇద్దరిదీ. ఓ లెక్క చూడండి. ఒక వైపు ప్రయాణం 60 నిమిషాలు, రెండు చివర్లా పదేసి నిమిషాలు ఆగడం. మొత్తం ఒక రౌండుకు 140 నిమిషాలు. ఏడు బస్సులు తిరిగితే 20 నిమిషాలకొకటి వస్తుంది.

పిల్లర్ల పని మొదలై, రోడ్డు సగమై, ఒక వైపు ప్రయాణం 75 నిమిషాలైంది. రౌండు 170 నిమిషాలు. అవే ఏడు బస్సులు ఇప్పుడు 24 నిమిషాలకొకటి వస్తాయి. పాత 20 నిమిషాలు నిలబెట్టాలంటే తొమ్మిది బస్సులు కావాలి. ఆ రెండూ ఇంకో రూటు నుంచి తేవాల్సిందే. అందుకే ఒకచోట ఫ్లైఓవర్ కడితే, దానితో సంబంధం లేని బస్తీలో బస్సు తగ్గుతుంది.

అసలు దెబ్బ సిబ్బంది డ్యూటీ దగ్గర తగులుతుంది. 140 నిమిషాల రౌండ్లు మూడు అంటే ఏడు గంటలు. డిపో నుంచి రావడం, పోవడం, చివర క్యాష్ కట్టడం కలిపితే ఎనిమిది గంటల డ్యూటీ సరిగ్గా నిండుతుంది. 170 నిమిషాల రౌండ్లు మూడు వేస్తే ఎనిమిదిన్నర గంటలు బస్సు మీదే అయిపోతాయి. అప్పుడు మూడో రౌండును సగానికి కోస్తారు. కోతపడేది షిఫ్టు ఆఖరి ట్రిప్పే, అంటే మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రోడ్డు పని మొదలైన ప్రాంతంలో ఉంటే ఈ రెండు ట్రిప్పుల సంగతి ముందే కనుక్కోండి.

ఆఖరి బస్సు టైము ఎలా నమ్మాలి?

పూర్తిగా నమ్మకండి. ఆఖరి బస్సు రెండు రకాలు. ఒకటి చివరిదాకా పోయి, అక్కడ రాత్రి నిలిచి, తెల్లవారి తొలి ట్రిప్పు వేసేది. రెండోది డిపోకు చేరే బస్సు, దారిలో డిపో తిరుగుడు రాగానే అటు పోతుంది. శివారు ఊళ్లవాళ్లకు మొదటిదే ముఖ్యం. కంట్రోలర్‌ను "నైట్ ఔట్ బస్సు ఏది?" అని అడిగితే సరైన జవాబు వస్తుంది. దానికి ముందు బస్సుకే అలవాటు పడండి, ఆఖరిదాన్ని అత్యవసరానికి ఉంచుకోండి.

స్టాపు మార్చారు. కొత్త స్టాపు ఎక్కడో తెలియడం లేదు.

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఇది ఎప్పుడూ ఉండే తంటా. అక్కడ "సికింద్రాబాద్ స్టాపు" అనేది ఒక్కటి లేదు. రేతిఫైల్, గురుద్వారా, చిలకలగూడ వైపు, ఇలా రూట్లను బట్టి పాయింట్లు విడిపోయి ఉంటాయి. స్టేషన్ పునర్నిర్మాణం పనులతో అవి ఇంకా జరిగాయి. రైలు దిగి నంబరు కోసం వెతక్కండి, ఏ దిక్కుకు పోవాలో చెప్పి అడగండి: "ఉప్పల్ వైపు బస్సులు ఎక్కడాగుతున్నాయి?"

కొన్ని రైళ్లు ఇప్పుడు చర్లపల్లి టెర్మినల్ నుంచి నడుస్తున్నాయి (అది 2025 జనవరి 6న ప్రారంభమైంది). టికెట్ మీద స్టేషన్ పేరు చూడకుండా అలవాటు కొద్దీ సికింద్రాబాద్ పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చర్లపల్లికి సిటీ బస్సులో పోతే రైలు టైముకు గంటన్నర ముందు సికింద్రాబాద్ వదలండి. సామాను ఉంటే ఇంకా ముందే.

మెట్రో ఎక్స్‌ప్రెస్ (ఇది మెట్రో రైలు కాదు, సిటీ బస్సులో ఒక రకం) కొన్ని చిన్న స్టాపుల్లో ఆగకపోవచ్చు. స్టాపు కొద్దిగా జరిగినచోట ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆర్డినరీ ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ చెయ్యెత్తినా పోతుంది.

పండగలప్పుడు ఏ రోజుల్లో ఏవి మారతాయి?

గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్, ఖైరతాబాద్, సచివాలయం చుట్టుపక్కల, పాతబస్తీ నుంచి వచ్చే శోభాయాత్ర దారిలో బస్సులు ఎక్కడికక్కడ ఆగి తిరిగిపోతాయి. ఆ రోజు బస్సు మొత్తంగా దారి మళ్లదు, రూటు రెండు ముక్కలవుతుంది. మధ్య ముక్క మీరు నడవాలి, లేదా మెట్రో ఎక్కాలి. మరుసటి రోజు ఉదయం కూడా పూర్తిగా కుదుటపడదు.

బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల ఒక ఆదివారం, సోమవారం. లాల్‌దర్వాజా వైపు మరో ఆదివారం, సోమవారం మళ్లింపులుంటాయి. శ్రీరామనవమి శోభాయాత్ర, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు రోజుల్లో చార్మినార్, అఫ్జల్‌గంజ్, కోఠి రూట్లు చిక్కుకుంటాయి. నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. ఆ నెలన్నర సాయంత్రాలు నాంపల్లి, గాంధీభవన్ దారి కిక్కిరిసి ఉంటుంది. రూటు మారకపోయినా టైము లెక్క తప్పుతుంది.

ఊరేగింపులు లేకుండా బస్సులు తగ్గే కాలం ఒకటుంది, సంక్రాంతి. జిల్లాలకు స్పెషల్ బస్సులు వేయడానికి సిటీ బస్సులనే పంపుతారు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకూ అంతే. సంక్రాంతి వారంలో నగరం ఖాళీగా ఉంటుంది, బస్సులూ ఖాళీగా దొరుకుతాయనుకుని బయల్దేరితే స్టాపులో ఎండకు ఎండుతారు.

దారి మళ్లిస్తే టికెట్ ధర మారుతుందా?

ఒకటి రెండు రోజుల మళ్లింపుకు మారదు. కండక్టర్ చేతిలోని టిమ్ మిషన్‌లో ఆ రూటు స్టేజీల పట్టిక ముందే ఎక్కించి ఉంటుంది. ఆయన పాత స్టేజీల ప్రకారమే కొడతారు. మీరు దిగే చోటు ఆ పట్టికలో లేకపోతే దాని తర్వాతి స్టేజీకి టికెట్ వస్తుంది. రూటును శాశ్వతంగా మార్చి, దూరం పెరిగి, కొత్త స్టేజీ చేరితే అప్పుడు ధర పెరుగుతుంది. నగరంలో స్టేజీ అంటే సుమారు రెండు కిలోమీటర్లు.

రూటుతో సంబంధం లేని పెంపు కూడా ఒకటి జరిగింది. 2025 అక్టోబర్ 6 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. మెట్రో డీలక్స్, ఎలక్ట్రిక్ ఏసీ బస్సుల్లో మొదటి స్టేజీకి 5, రెండో స్టేజీ నుంచి 10. "రూటు మార్చి పది ఎక్కువ తీసుకున్నారు" అనే ఫిర్యాదు చాలాసార్లు దీని గురించే.

మహిళలకు: మా రూటులో బస్సు రకం మార్చారు. ఉచితం ఉంటుందా?

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైంది. నగరంలో అది సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకే. మెట్రో డీలక్స్, ఏసీ బస్సులు, ఎయిర్‌పోర్ట్ పుష్పక్‌లకు వర్తించదు. అదే నంబరు మీద ఆర్డినరీ, డీలక్స్ రెండూ తిరిగే రూట్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. నంబరు చూసి ఎక్కేస్తారు, రకం చూడరు.

ఎలక్ట్రిక్ బస్సు అయితే ఉచితం కాదని ఒక అపోహ ఉంది. పెట్రోలా, డీజిలా, కరెంటా అన్నది కాదు, బస్సు మీద రాసిన రకం ముఖ్యం.

ఉచిత ప్రయాణానికి కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి. అసలు గుర్తింపు కార్డు చూపాలి, జిరాక్సు గానీ ఫోన్లో ఫొటో గానీ కుదరదు. కార్డు మీద తెలంగాణ చిరునామా కనిపించాలి. పాన్ కార్డు మీద చిరునామాయే ఉండదు కాబట్టి అది చెల్లదు. రాష్ట్రం విడిపోకముందు తీసుకున్న ఆధార్‌లో ఇంకా ఆంధ్రప్రదేశ్ అని ఉంటే కండక్టర్ ఒప్పుకోరు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినా సరే. ఆధార్ సెంటర్‌కు పోయి చిరునామా సరిచేయించుకోవడమే దారి.

ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, కానీ అది అక్కడి ఆర్టీసీ బస్సులకు, అక్కడి చిరునామా ఉన్నవాళ్లకు. విజయవాడ కార్డుతో కోఠిలో, హైదరాబాద్ కార్డుతో బెంజి సర్కిల్‌లో ఉచితం ఉండదు.

మా అబ్బాయిది రూట్ పాస్. రూటే మారిపోయింది. పాస్ పనికొస్తుందా?

విద్యార్థుల రూట్ పాసులు దూరం శ్లాబుల మీద ఉంటాయి: 4, 8, 12, 18, 22 కిలోమీటర్లు. పాస్ మీద రాసిన రెండు స్టాపుల మధ్య పోయే బస్సు ఏదైనా, దారి కొద్దిగా మారినా కండక్టర్లు సాధారణంగా ఇబ్బంది పెట్టరు. మార్పు వల్ల వేరే స్టాపులో ఎక్కాల్సి వస్తేనో, మధ్యలో బస్సు మారాల్సి వస్తేనో పేచీ వస్తుంది. అప్పుడు బోనఫైడ్ సర్టిఫికెట్, పాత పాస్ తీసుకుని పాస్ కౌంటర్‌కు పోయి రూటు సరిచేయించండి. కొత్త దూరం 8 దాటి 9 అయితే 12 శ్లాబు కట్టాలి. నెల మధ్యలో కాకుండా రెన్యువల్ రోజు ఈ మార్పు పెట్టుకుంటే డబ్బు కలిసొస్తుంది.

పెద్దల జనరల్ పాస్‌కు ఈ గొడవ లేదు, రూటుతో పని లేదు. 2025 జూన్ నుంచి ఆర్డినరీ 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,600, మెట్రో డీలక్స్ 1,800 రూపాయలు. మీ రూటును ఆర్డినరీ నుంచి ఎక్స్‌ప్రెస్‌గా మార్చారని తెలియగానే పై పాస్‌కు పరుగెత్తకండి. ఆర్డినరీలు ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో వారం చూడండి.

గమ్యం యాప్‌లో బస్సు కనిపిస్తుంది, రాదు. వచ్చిన బస్సు యాప్‌లో ఉండదు.

2023 ఆగస్టులో ఆర్టీసీ తెచ్చిన ఈ యాప్ బస్సులోని ట్రాకింగ్ పరికరాన్ని బట్టి పని చేస్తుంది. యాప్‌కు తెలిసింది ఫలానా బండి ఫలానా సర్వీసు అని. ఉదయం డిపోలో ఆ బండి స్టార్ట్ కాక ఇంకో బండి పంపి, ఆ మార్పు సిస్టమ్‌లో ఎక్కించకపోతే రోడ్డు మీద ఉన్న బస్సు యాప్‌లో ఉండదు. రూటు మార్చిన మొదటి రోజుల్లో కూడా మ్యాపు పాత దారినే చూపే అవకాశం ఉంది.

తేల్చుకునే పద్ధతి సులువు. మ్యాపులో బస్సు చుక్క కదులుతోందా చూడండి. రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు రిఫ్రెష్ చేస్తే జరిగిందా, అక్కడే ఉందా తెలుస్తుంది. కదలని చుక్క బస్సు కాదనుకోండి.

ఎలక్ట్రిక్ బస్సులు వస్తే రూట్లు ఎందుకు మారుస్తున్నారు?

చార్జింగ్ ఉన్న డిపో నుంచే ఆ బస్సు బయలుదేరాలి, అక్కడికే చేరాలి. కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. అవి వస్తున్న కొద్దీ ఏ రూటు ఏ డిపో చూడాలన్నది మారుతుంది. డిపో మారితే ఉదయం తొలి బస్సు, రాత్రి ఆఖరి బస్సు టైములు మారతాయి. పగలు పెద్ద తేడా తెలియదు.

బస్సు బదులు మెట్రోకు మారదామంటే ఏం చూసుకోవాలి?

2025 నవంబర్ 3 నుంచి అన్ని రోజులూ తొలి రైలు ఉదయం 6కు, ఆఖరి రైలు రాత్రి 11కు. ఈ 11 చివరి స్టేషన్లలో, అంటే మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం లాంటి చోట్ల బయలుదేరే టైము. మధ్య స్టేషన్లలో ఆ తర్వాత వస్తుంది. అమీర్‌పేటలో రెడ్ నుంచి బ్లూ లైనుకు, పరేడ్ గ్రౌండ్స్‌లో బ్లూ నుంచి గ్రీన్‌కు, ఎంజీబీఎస్‌లో రెడ్ నుంచి గ్రీన్‌కు మారాల్సినవాళ్లు ఆఖరి రైలు మీద ఆధారపడకండి, అరగంట ముందే మారిపోండి. స్టేషన్ దిగాక రాత్రి పదిన్నర దాటితే కాలనీ లోపలికి బస్సు దొరకదని అనుకునే బయల్దేరండి.

మెట్రోలో మహాలక్ష్మి లేదు. 2025 మే 24 నుంచి చార్జీ 11 నుంచి 69 రూపాయల దాకా.

ఎంఎంటీఎస్?

లింగంపల్లి వైపు ఉద్యోగులకు మంచిదే, చవక కూడా. కానీ రైళ్ల మధ్య ఖాళీ ఎక్కువ, ఒకటి తప్పితే ఆ పూట ప్లానంతా తప్పుతుంది. ట్రాక్ పనుల కోసం కొన్ని సర్వీసులు రద్దు చేస్తుంటారు. దక్షిణ మధ్య రైల్వే ప్రకటన ముందు రోజే చూసుకోండి. బోర్డు మీద "హైదరాబాద్" అంటే నాంపల్లి స్టేషన్. సికింద్రాబాద్, కాచిగూడ కాదు.

మా కాలనీకి పాత బస్సు తిరిగి తెప్పించాలంటే ఎవరికి రాయాలి?

డిపో మేనేజర్‌కు. ట్వీట్ వేస్తే జవాబు తొందరగా వస్తుంది కానీ పని జరిగేది డిపోలోనే. డిపోల్లో అప్పుడప్పుడు "డయల్ యువర్ డీఎం" (డిపో మేనేజర్‌తో నేరుగా ఫోన్లో మాట్లాడే కార్యక్రమం) పెడతారు, అది మంచి అవకాశం.

"మాకు బస్సు లేదు, ప్రజలు ఇబ్బంది పడుతున్నారు" అని రాసిన కాగితం ఫైల్లో పడి ఉంటుంది. డిపో చూసేది ఒకే ప్రశ్న: ఆ ట్రిప్పు వేస్తే సీట్లు ఎంత నిండుతాయి? కాబట్టి అంకెలు ఇవ్వండి. ఇలా:

"మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 7.30 నుంచి 8.30 దాకా మా స్టాపులో 127కె మూడు వచ్చాయి. రెండు నిండి ఆగలేదు. మూడు రోజుల్లో సగటున 46 మంది నిలబడ్డారు, అందులో 19 మంది విద్యార్థులు. 7.50కి ఒక ట్రిప్పు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి."

అడిగేది ఒక్క ట్రిప్పే ఉండాలి. కొత్త రూటు అడిగితే రీజియన్ దాకా పోవాలి. ఉన్న రూటులో ఒక ట్రిప్పును మీ కాలనీ దాకా పొడిగించమంటే డిపో స్థాయిలోనే తేలే అవకాశం ఎక్కువ. బస్సు తిప్పుకోవడానికి చోటు ఉందని కూడా రాయండి, పెద్ద బస్సుకు మలుపు సరిపోక వెనక్కు పోయిన దరఖాస్తులు చాలా. బస్సు వచ్చాక మొదటి రెండు నెలలు కాలనీవాళ్లు ఎక్కకపోతే అదే ట్రిప్పు మళ్లీ పోతుంది.

బస్సులో బ్యాగు మరచిపోయాను. ఆ రూటు ఏ డిపోదో ఇప్పుడు తెలియడం లేదు.

టికెట్ పారేశారా? ఉంటే దాని మీద డిపో పేరు, టైము ఉంటాయి, అవి చాలు. జీరో టికెట్ మీద కూడా ఉంటాయి. టికెట్ లేకపోతే ఎక్కిన స్టాపు, టైము, రూటు నంబరు, బస్సు రకం చెప్పి కాల్ సెంటర్ నుంచి డిపో నంబరు తీసుకోండి. షిఫ్టు మారేలోగా ఫోన్ చేస్తే కండక్టర్ ఇంకా ఆ బస్సులోనే ఉంటారు. తర్వాతైతే డిపోకు పోయి అడగాలి, మీదేనని చూపే గుర్తు ఏదైనా వెంట తీసుకెళ్లండి.